రేడియో లైసెన్స్ నుంచి జీఎస్టీ బిల్లు దాకా: మన ఊరి ఎలక్ట్రానిక్స్ షాపు కథ

 

పల్నాడు చరిత్ర అనగానే అందరూ బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారంపూడి, కోడిపందెం అంటారు. అవన్నీ మీరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు. ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, కత్తులు లేవు. పిడుగురాళ్ల బజార్లో టీవీలు, ఫ్రిజ్‌లు, కూలర్లు, ఫోన్లు అమ్మే షాపు ఉంటుంది చూశారా, ఆ షాపులోకి మన తాతలు ఎట్టా వెళ్ళారు, మన నాన్నలు ఎట్టా వెళ్ళారు, ఇప్పుడు మనం ఎట్టా వెళ్తున్నాం, ఇదీ టాపిక్. దీంట్లో చరిత్ర ఏముంది అనుకోకండి. చాలా ఉంది.

ముందు ఒక ప్రశ్న. మీ ఫోన్‌లో ఏ ఫ్రిజ్ ఎంతకి వస్తుందో 10 సెకన్లలో తెలిసిపోతుంది. అయినా సరే, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఆ ఫ్రిజ్ కొనడానికి ఊళ్ళో తెలిసిన షాపుకే వెళ్తారు. మీరు పక్కన నిలబడి "ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకే వస్తుంది నాన్నా" అని గొణుగుతుంటారు. ఆయన వినరు. ఎందుకు?

ఆయన మనసులో ఒకటే లెక్క ఉంటుంది. "రేపు ఇది పాడైతే ఎవర్ని అడగాలి?"

ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే గత డెబ్భై ఏళ్ళలో మన షాపుల్లో వస్తువులు మారాయి, కంపెనీలు మారాయి, డబ్బు కట్టే పద్ధతి మారింది. ఈ ప్రశ్న మాత్రం మారలేదు. దానికి ఒక్కో కాలంలో ఒక్కో జవాబు దొరికింది. ఆ జవాబుల వరసే మన షాపు చరిత్ర.

రేడియో కొనాలంటే సర్కారు పర్మిషన్

మొదలుపెడదాం రేడియోతో. 1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అంతకు ముందు తెలుగు కార్యక్రమాలు మద్రాసు స్టేషన్ నుంచి వినాల్సిందే. విజయవాడ వచ్చాక మన ప్రాంతానికి రేడియో దగ్గరైంది. వార్తలు, నాటకాలు, హరికథలు, రైతుల కోసం పాడిపంటలు. సినిమా పాటలు కావాలంటే రేడియో సిలోన్ పట్టుకునేవాళ్ళు. 1957 అక్టోబర్‌లో వివిధ భారతి మొదలయ్యాక పాటలకి మనదీ ఒక అడ్రస్ దొరికింది.

ఇప్పుడు మీకు నమ్మబుద్ధి కాని విషయం చెప్తాను. అప్పట్లో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే లైసెన్స్ ఉండాలి. అవును, బండికి ఉన్నట్టే. 1933లో బ్రిటిష్ వాళ్ళు చేసిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం, లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ యంత్రం దగ్గర పెట్టుకోవడమే నేరం. రేడియో కూడా వైర్‌లెస్ యంత్రమే కదా. స్వతంత్రం వచ్చాక కూడా ఆ పద్ధతి అట్టాగే నడిచింది. షాపులో రేడియో కొనుక్కుని, పోస్టాఫీసుకి వెళ్ళి లైసెన్స్ పుస్తకం తీసుకోవాలి. ఏటా ఫీజు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. రేడియోకి ఏడాదికి 15 రూపాయలు, తర్వాత టీవీ వచ్చాక దానికి 50 రూపాయలు. కట్టకపోతే జరిమానా. 1980ల మధ్యలో గానీ ఈ లైసెన్స్‌లు పోలేదు.

అంటే ఏంటంటే, ఒక వస్తువు మీదని చెప్పే మొదటి గట్టి కాగితం మన జనానికి షాపు నుంచి రాలేదు, పోస్టాఫీసు నుంచి వచ్చింది. ఆ కాగితం ఎవరి కోసం? కొన్నవాడి కోసం కాదు, సర్కారు కోసం. రేడియో పాడైతే పోస్ట్ మాస్టర్ గారిని అడగలేం కదా.

మరి ఎవర్ని అడిగేవాళ్ళు? రేడియో మెకానిక్‌ని. ఆ రోజుల్లో అమ్మేవాడు, బాగుచేసేవాడు చాలా చోట్ల ఒక్కడే. చిన్న గది, బల్ల మీద విప్పిన సెట్లు, సోల్డరింగ్ ఐరన్, ఆ సీసం కాలిన వాసన. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ అని పేర్లు బోర్డు మీద ఉన్నా, జనం నమ్మింది ఆ పేర్లని కాదు. ఆ బల్ల వెనక కూర్చున్న మనిషిని. "ఆయన దగ్గర కొంటే ఆయనే చూసుకుంటాడు." అప్పటి వారంటీ అదే. నోటి మాట.

పంట డబ్బు, ఖాతా పుస్తకం

ఇక్కడ మన ఏరియా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ నోటి మాట విలువ అర్థం కాదు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ మన పల్నాడు మీదుగా వెళ్ళింది. దాని నీళ్ళు అందిన చోట వరి, మిగతా చోట పత్తి, మిరప. చేతిలోకి డబ్బు రావడం మొదలైంది. కానీ ఆ డబ్బు నెల నెలా రాదు. మిరపకాయ కోసి, ఎండబెట్టి, గుంటూరు యార్డుకి వెళ్ళి, కాటా అయ్యాక వస్తుంది. ఇంకో పక్క పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు. మన ఊరికి సున్నపురాయి పేరే పేరు. అక్కడ పని చేసేవాళ్ళకి వచ్చేది కూలి డబ్బు.

ఇట్టాంటి ఊళ్ళో షాపు నడవాలంటే నెలజీతం లెక్కలు పనికిరావు. అందుకే ఖాతా. "మిరపకాయలు అమ్మాక ఇస్తాలే బాబాయ్" అంటే "సరే అబ్బాయ్, పట్టుకెళ్ళు" అని ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకోవడం. సిబిల్ స్కోర్ లేదు, పాన్ కార్డు లేదు, ఓటీపీ లేదు. మీ నాన్న ఎవరు, మీది ఏ ఊరు, మీకెన్ని ఎకరాలు, అంతే. అదే క్రెడిట్ చెకింగ్.

బాగుంది కదా వినడానికి? కానీ ఇక్కడే ఆగి ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ నోటి మాట ఎవరికి పనిచేసింది? ఊళ్ళో పేరున్న ఇంటి మనిషికి. పొలం ఉన్నవాడికి. బట్టీలో పని కోసం వేరే ఊరి నుంచి వచ్చిన కూలికి? తండా నుంచి వచ్చిన కుర్రాడికి? ఒంటరిగా షాపుకొచ్చిన ఆడమనిషికి? వాళ్ళకి అదే షాపులో "డబ్బు పెట్టి తీసుకెళ్ళు" అనే మాట వినపడి ఉంటుంది. పాడై వెనక్కి తెస్తే "మీరు సరిగ్గా వాడలేదు" అనే మాట వినపడి ఉంటుంది.

నోటి మాట మనిషిని బట్టి మారుతుంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

టీవీ వచ్చింది, మన టీవీ వచ్చింది

ఇప్పుడు టీవీ. దీంట్లో తెలుగువాళ్ళు గర్వపడే ముక్క ఒకటుంది, చాలామందికి తెలీదు.

1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. అణుశక్తి శాఖ కింద పనిచేసే ప్రభుత్వ కంపెనీ. దాని వెనక ఉన్న మనిషి డాక్టర్ ఎ.ఎస్. రావు గారు. అయ్యగారి సాంబశివరావు, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు ఆయన సొంతూరు. హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ అని క్యాబ్ బుక్ చేస్తుంటారు కదా, ఆ పేరు ఆయనదే. కంప్యూటర్లు, కంట్రోల్ సిస్టమ్స్ చేసే ఆ కంపెనీయే టీవీలు కూడా చేసింది. ఈసీ టీవీ అని.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. సైట్ అంటారు. అమెరికా నాసా వాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సిగ్నల్ పట్టడానికి కోళ్ల దొడ్డికి వేసే ఇనప జాలీ లాంటి దాంతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా. ఆ సెట్లు చేసింది ఈసీఐఎల్. సాయంత్రమైతే ఊరంతా బడి దగ్గరో పంచాయతీ దగ్గరో చేరి చూసేవాళ్ళు. అంటే మన రాష్ట్రంలో ఎన్నో పల్లెలు టీవీని మొదట చూసింది షాపులో కాదు, రచ్చబండ దగ్గర.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌తో రంగుల టీవీ వచ్చింది. 1983 జూన్ 25న కపిల్ దేవ్ టీమ్ వరల్డ్ కప్ గెలిచింది. 1984 వచ్చేసరికి దేశమంతా చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు గబగబా పెట్టేశారు. ఇక 1987 జనవరి 25న రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీ. టీవీ ఉన్న ఇల్లు గుడి అయిపోయింది.

ఆ టీవీలు ఎట్టా ఉండేవో తెలుసా? చెక్క పెట్టె, నాలుగు కాళ్ళు, ముందు అటూ ఇటూ జరిగే షట్టర్, దానికి తాళం కూడా. సాలిడైర్, డయనోరా, క్రౌన్, వెస్టన్, ఈసీ. డయనోరా వెనక కూడా మద్రాసులో స్థిరపడ్డ తెలుగాయన ఉన్నారు, పారిశ్రామికవేత్త పి. ఓబుల్ రెడ్డి గారు. నిప్పో బ్యాటరీలు కూడా వాళ్ళ గ్రూపువే. ట్రాన్సిస్టర్‌లో వేసిన సెల్లు, హాల్లో పెట్టిన టీవీ, రెండింటి వెనకా తెలుగు పెట్టుబడి ఉందన్నమాట.

టీవీ కొనడమంటే అప్పుడు ఒక రోజు పని కాదు. ముందు షాపులో చూస్తారు. బొమ్మ బాగుందా, సౌండ్ బాగుందా. తర్వాత ఇంట్లో నలుగురూ కలిసి మళ్ళీ చూస్తారు. మంచి రోజు చూసుకుంటారు. సెట్టు ఇంటికొచ్చాక అసలు కథ మొదలవుతుంది. యాంటెన్నా. రిలే కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళల్లో పొడవాటి ఇనప గొట్టం, దాని మీద చేపముల్లు లాంటి యాంటెన్నా, దానికో బూస్టర్. షాపు కుర్రాడు డాబా ఎక్కుతాడు. పైనుంచి "వచ్చిందా?" అంటాడు. కింద నుంచి "గింజలే వస్తున్నాయి, ఇంకొంచెం తిప్పు!" పైనుంచి "ఇప్పుడు?" కింద నుంచి "ఆఁ ఆఁ వచ్చింది, ఆపు ఆపు!" గాలివాన వస్తే ఈ డైలాగులన్నీ మళ్ళీ మొదటి నుంచి.

ఇంకో సంగతి, కరెంట్. మోటార్లన్నీ ఒకేసారి వేస్తే వోల్టేజ్ పడిపోతుంది. అందుకే టీవీతో పాటు స్టెబిలైజర్ కొనాలి. షాపాయన చెప్పేవాడు, "స్టెబిలైజర్ లేకపోతే నాకు సంబంధం లేదమ్మా" అని.

ఈ మాట చాలా ముఖ్యం, గమనించారా? మొదటిసారి నోటి మాటకి షరతులు వచ్చాయి. రేడియో మెకానిక్ అన్నీ తనే బాగుచేసేవాడు. టీవీ వచ్చేసరికి షాపుకి, కంపెనీకి మధ్య గీత పడింది. షాపాయన అమ్ముతాడు, కంపెనీ మనిషి వేరే ఊరి నుంచి వచ్చి బాగుచేస్తాడు. ఆయన ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలీదు. పెట్టెలో ఒక కార్డు ఉంటుంది, వారంటీ కార్డు, ఇంగ్లీషులో. దాని మీద షాపు ముద్ర, కొన్న తేదీ, సెట్టు నంబరు ఉంటేనే దానికి విలువ. అవి వేయించుకోకపోతే అది ఖాళీ అట్టముక్క. చాలా ఇళ్ళల్లో ఆ కార్డు బీరువాలో భద్రంగా ఉండేది, ఖాళీగా.

1986: కొనేవాడికి ఒక చట్టం

రామాయణం మొదలవడానికి దాదాపు నెల ముందు, 1986 డిసెంబర్ 24న, ఒక చట్టం వచ్చింది. వినియోగదారుల రక్షణ చట్టం. అందుకే డిసెంబర్ 24ని ఇప్పటికీ జాతీయ వినియోగదారుల దినోత్సవంగా చేస్తారు.

దానికి ముందు షాపు మీద కేసు వేయాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళాలి. ఫీజు, లాయరు, వాయిదాలు. ఒక మిక్సీ కోసం ఎవడు తిరుగుతాడు? ఈ చట్టం జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయిలో వినియోగదారుల కోసమే వేరే వ్యవస్థ పెట్టింది. లాయరు లేకుండా మనమే వెళ్ళి చెప్పుకోవచ్చు. పేపర్ మీద అద్భుతం.

నేల మీద? మనకి అప్పట్లో జిల్లా కేంద్రం గుంటూరు. పిడుగురాళ్ల నుంచి గుంటూరు వెళ్ళి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే, మాచర్ల వైపు వాళ్ళకైతే ఇంకా ఎక్కువ. వెళ్ళాక మొదట అడిగేది ఏంటి? "బిల్లు ఉందా?"

అక్కడ ఆగిపోయేది మనోళ్ళ కథ.

నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి మా భాషలో చెప్తాను. మా దగ్గర ఒక రూల్ ఉండేది, టికెట్ లేకపోతే బగ్ లేనట్టే. నువ్వు ఎంత గట్టిగా అరిచినా, సిస్టమ్‌లో నంబర్ లేకపోతే ఎవడూ దాన్ని ముట్టుకోడు. బిల్లు అంటే అదే. నీ సమస్యకి టికెట్ నంబర్. చట్టం వచ్చింది కానీ, ఆ చట్టం లోపలికి అడుగుపెట్టడానికి కావలసిన నంబర్ మన చేతిలో లేదు. ఎందుకంటే మనం నోటి మాట మీద కొనడం అలవాటైనవాళ్ళం. బిల్లు అడిగితే షాపాయన్ని అనుమానించినట్టు ఫీలవుతాం. "ఏంటి బాబాయ్, నన్ను నమ్మవా?" అంటాడని మొహమాటం.

ఈ మొహమాటం చాలామందికి చాలా డబ్బు ఖర్చు పెట్టించింది.

చేతిలోకి వచ్చిన షాపు

1990ల తర్వాత స్పీడ్ పెరిగింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి, కేబుల్ వచ్చింది, రంగుల టీవీ అవసరమైపోయింది. ప్రైవేటు బ్రాండ్లు, విదేశీ బ్రాండ్ల పోటీలో మన ఈసీ టీవీ ఇళ్ళల్లోంచి మాయమైంది. 1980లో హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఒక్క షాపుగా మొదలైన బజాజ్ ఎలక్ట్రానిక్స్ 2022 అక్టోబర్‌లో స్టాక్ మార్కెట్‌కి వెళ్ళే స్థాయికి పెరిగింది. షోరూమ్ అనే మాట తెలుగు మాట అయిపోయింది.

2003 మన కథలో పెద్ద మలుపు. ఆ ఏడాది మే నుంచి మొబైల్‌కి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. రిలయన్స్ 501 రూపాయలు కట్టి ఫోన్ పట్టుకెళ్ళమంది. నోకియా 1100 వచ్చింది, టార్చ్‌లైట్‌తో. రాత్రిపూట పొలానికి నీళ్ళు పెట్టే రైతుకి ఆ టార్చ్ ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. సందు సందుకీ సెల్ పాయింట్ పుట్టింది. రీచార్జ్, కవర్, గ్లాస్, మెమరీ కార్డులో పాటలు ఎక్కించడం. రేడియో మెకానిక్ బల్ల మళ్ళీ వచ్చినట్టే. అమ్మేవాడూ బాగుచేసేవాడూ మళ్ళీ ఒక్కడే. బిల్లు మళ్ళీ లేదు.

2007లో ఫ్లిప్‌కార్ట్, 2013లో మన దేశానికి అమెజాన్, 2016 సెప్టెంబర్ 5న జియో. ఇక షాపే చేతిలోకి వచ్చేసింది. ఇప్పుడు కుర్రాళ్ళు షాపులోకి వెళ్ళేముందే రివ్యూలు చూసి, ర్యామ్, ప్రాసెసర్ అన్నీ కంఠస్థం చేసి వెళ్తున్నారు. షాపాయన కంటే మనకే ఎక్కువ తెలుసు. బేరం కూడా మారింది. నాన్న "ఒక మాట చెప్పండి" అంటాడు. మనం స్క్రీన్ చూపిస్తాం.

ఇంకోటి మారింది, ఖాతా పుస్తకం పోయి ఈఎంఐ వచ్చింది. షాపులోనే ఒక మూల ఫైనాన్స్ కుర్రాడు టేబుల్ వేసుకుని కూర్చుంటాడు. "వడ్డీ లేదన్నా, జీరో పర్సెంట్." దీని గురించి రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి సర్క్యులర్ పంపింది. జీరో వడ్డీ అనే భావనే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు లాంటి వాటిలో దాచొద్దని చెప్పింది. లాజిక్ సింపుల్. డబ్బుకి వడ్డీ ఎవరో ఒకరు కట్టాలి. ఫీజు రూపంలో మీరు కడతారు, లేదా క్యాష్‌కి వచ్చే డిస్కౌంట్ మీకు రాకుండా పోయి దాంట్లోంచి సర్దుతారు. అందుకే సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి. "మొత్తం డబ్బు ఇప్పుడే ఇస్తే ఎంత?" ఈ రెండు అంకెల తేడాయే అసలు వడ్డీ.

పాత ఖాతా పుస్తకంలో పంట పోతే "సరే, వచ్చే పంటకి చూద్దాం" అనే మనిషి ఉన్నాడు. ఈఎంఐకి పంట తెలీదు. నెల ఐదో తారీఖు మాత్రమే తెలుసు. ఒక కౌలు రైతు కొడుకు ఫోన్ ఈఎంఐ రెండు నెలలు ఆగితే, రేపు ఆ కుర్రాడు చదువుకి లోన్ అడిగినప్పుడు అది అడ్డం రావచ్చు. పాత పద్ధతి గొప్పదని నేను అనట్లేదు. దాంట్లో పక్షపాతం ఉందని ముందే చెప్పాను. కానీ పోయినదాని బదులు ఏం వచ్చిందో తెలుసుకునే సంతకం పెట్టాలి.

మొదటిసారి కాగితం మన వైపు

ఇప్పుడు అసలు పాయింట్. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 2020 జూలై 20న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం, అంటే 2019 చట్టం, అమల్లోకి వచ్చింది. ఈ కొత్త చట్టంలో రెండు లైన్లు ఉన్నాయి. ప్రతి కుర్రాడికీ నోటికి రావాలి.

ఒకటి, అమ్మిన వస్తువుకి బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టంలోనే రాశారు. అంటే బిల్లు అడగడం అనుమానించడం కాదు, అది మన హక్కు.

రెండు, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం కూడా తప్పే. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపమున్న వస్తువు విషయంలో ఆ రాత చట్టాన్ని దాటలేదు.

ఇంకా ఉన్నాయి. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, షాపు ఏ ఊళ్ళో ఉన్నా, మీరు ఉండే చోటే, పనిచేసే చోటే కేసు వేయొచ్చు. వస్తువుకి మీరు కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో వేయొచ్చు. 1915 నంబర్‌కి ఫోన్ చేసి ముందు కంప్లైంట్ ఇవ్వొచ్చు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి జిల్లా కేంద్రం నరసరావుపేటకి వచ్చింది సరే, ఇప్పుడు ఆ మాత్రం ప్రయాణం కూడా లేకుండా మొదటి అడుగు మీ ఫోన్‌లోనే వేయొచ్చు.

మరి సమస్య ఏంటి? సమస్య ఇప్పటికీ కౌంటర్ దగ్గరే ఉంది. "బిల్లు కావాలా? అయితే జీఎస్టీ ఎక్స్‌ట్రా అవుద్ది" అనే డైలాగ్ మీరు వినే ఉంటారు. పెట్టె మీద ఎంఆర్‌పీ ఉంటుంది చూడండి, దాని పక్కనే అన్ని పన్నులూ కలిపి అని ఉంటుంది. ఆ రేటు దాటి ఎవరూ తీసుకోకూడదు. ఇక మీకిచ్చే చిన్న చీటీ మీద ఎస్టిమేట్ అని ఉంటే అది బిల్లు కాదు. జీఎస్టీ నంబర్, తేదీ, మోడల్, ఆ వస్తువు సీరియల్ నంబర్, ఫోన్ అయితే ఐఎంఈఐ, ఇవి బిల్లు మీద ఉండేలా చూసుకోండి.

రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. ఎండాకాలం వస్తే రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడ అని అడిగితే ముందు ఆ పేరే వినిపిస్తుంది. ఏప్రిల్‌లో కూలర్లకి, ఏసీలకి షాపుల ముందు జనం ఎట్టా ఉంటారో మీకు తెలుసు. ఆ హడావిడిలోనే చీటీలు చేతులు మారతాయి. మే నెలలో కంప్రెసర్ పోతే, ఆ ఎండలో ఇంట్లో ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉంటే, అప్పుడు తెలుస్తుంది ఆ చీటీకీ బిల్లుకీ తేడా.

ఒక మాట షాపుల తరఫున కూడా చెప్పాలి. మన ఊరి షాపాయన మీద నాకు కోపం లేదు. వాషింగ్ మెషీన్ ఆగిపోతే చాట్‌బాట్ రాదు, ఆయన కుర్రాడే బండేసుకుని వస్తాడు. ఆయన దగ్గర కొనడంలో తప్పేం లేదు, కొనండి. ఆన్‌లైన్ కంటే ఓ ఐదొందలు ఎక్కువైనా, ఆ కుర్రాడు రావడానికి ఆ ఐదొందలు విలువే. కాకపోతే, ఆ నమ్మకం మీద బిల్లు కూడా పెట్టించుకోండి. నమ్మకం ఉన్నచోట బిల్లు ఇంకా ఈజీగా రావాలి కదా.

ఇందాక ఒక వాక్యం గుర్తుపెట్టుకోమన్నాను. నోటి మాట మనిషిని బట్టి మారుతుంది. దాని రెండో సగం ఇది, కాగితం అందరికీ ఒకటే. ఎకరాలున్న రైతు చేతిలో ఉన్నా, బట్టీ కూలి చేతిలో ఉన్నా, తండా కుర్రాడి చేతిలో ఉన్నా, ఒంటరిగా వచ్చిన అమ్మ చేతిలో ఉన్నా, ఆ బిల్లు మీద ఉన్న సీరియల్ నంబర్ ఒకే మాట చెప్తుంది. పోస్టాఫీసు లైసెన్స్ సర్కారు కోసం పుట్టిన కాగితం. ఖాతా పుస్తకం షాపు కోసం పుట్టిన కాగితం. ఈ బిల్లు ఒక్కటే కొనేవాడి పక్కన నిలబడే కాగితం. అది చట్టంలోకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. కౌంటర్ దగ్గర రెండు నిమిషాల మొహమాటానికి దాన్ని వదిలేయకండి.

చేయాల్సింది చిన్న పని. ఈ ఆదివారం మీ ఇంట్లో ఫ్రిజ్, టీవీ, మిక్సీ, ఫోన్ల బిల్లులు ఎక్కడున్నాయో వెతకండి. దొరికినవి ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. థర్మల్ పేపర్ మీద ఇచ్చిన బిల్లు కొన్నాళ్ళకి తెల్లగా అయిపోతుంది, ఫొటో ఉంటుంది. అమ్మకీ నాన్నకీ కూడా ఆ ఫోల్డర్ పంపండి.

అట్టా వెతికేటప్పుడు ట్రంకు పెట్టె అడుగున తాతగారి రేడియో లైసెన్స్ పుస్తకం గానీ, షాపు ముద్ర ఉన్న పాత వారంటీ కార్డు గానీ కనపడితే, పారేయకండి. అది మీ ఇంటి చరిత్ర. ఏ సంవత్సరానిదో, ఏ కంపెనీదో కామెంట్‌లో రాయండి, పేర్లు, అడ్రస్‌లు మాత్రం పెట్టొద్దు. అన్నిటికంటే పాతది ఎవరి దగ్గరుందో చూద్దాం.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా, ఉంటాను మరి.